ఎడమకు చుట్టిన దారం

అక్టోబరు 6, సోమవారం

కాగితం పూర్తయింది. నేను మూడుసార్లు చదివి సంతకం పెట్టాను. కోడలు చదవకుండానే పెట్టింది. ఆమె ధైర్యం ఆమెది.

మా చేత పిల్లల చలికోట్లు కుట్టించుకునే కంపెనీ ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి కోటు మెడలోనూ ఒక చిన్న ట్యాగు ఉంటుంది. కొన్నవాళ్లు దాన్ని ఫోన్‌తో చూస్తే కోటు పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటికొస్తాయి. ఊలు ఎక్కడిది, ఏ మిల్లులో వడికారు, ఎక్కడ రంగు వేశారు, ఏ షెడ్డులో ఎవరు కుట్టారు, అన్నీ. అందులో కుట్టుపని వివరాలు రాసివ్వడం మా వంతు. ఈ కాగితం అదే.

మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, "నాయనమ్మా, గొర్రె పేరు కూడా అడిగారా?" అంది.

అడగలేదు. అడిగితే మాత్రం తప్పేముంది?

నిజానికి ఈ పద్ధతి నాకు కొత్త కాదు. బడిలో ఉద్యోగం అయిపోయి, కోడలి షెడ్డులో తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న మొదటి వారమే నేను ఒక్కో మనిషికి ఒక్కో రంగు దారం ఇచ్చాను. ఎవరి పని అయ్యాక వాళ్లు కోటు లోపలి మడతలో తమ రంగుతో ఒక టాకా వెయ్యాలి. చేతులు కుట్టే ఆమెది పసుపు. కాజాలు కుట్టే ఆమెది ఆకుపచ్చ. గుండీలు పెట్టే పొడుగమ్మాయిది ఎరుపు. నాది నీలం. నీలం పడనిదే కోటు గడప దాటదు. అప్పట్లో అందరూ నవ్వుకున్నారు. వెనకాల నన్ను భూతద్దం అంటారని కూడా నాకు తెలుసు. పేరు సరిగ్గానే పెట్టారు, నా చేతిలో ఎప్పుడూ ఉండేది అదే కదా.

కాగితంలో చివరి వాక్యం నేనే రాశాను. 'పని మొత్తం ఈ కప్పు కిందే జరుగుతుంది.' ఇంత పొట్టి వాక్యంలో తప్పు దూరడానికి సందు ఉండదు.

అక్టోబరు 7, మంగళవారం

కోడలు రోజూ సాయంత్రం నడకకి వెళ్తోంది. మంచి అలవాటు. నడకకి అంత పెద్ద సంచీ ఎందుకని అడిగితే, వచ్చేటప్పుడు కూరలు తెస్తానంది. తేలేదు. మర్చిపోయిందట.

అక్టోబరు 9, గురువారం

ఇవాళ చూసిన కోట్లలో గుండీల పని చూసి చాలా ముచ్చటపడ్డాను. ఊరికే మెచ్చుకునే అలవాటు నాకు లేదు కాబట్టి కారణం రాస్తున్నాను. మందపాటి ఊలు మీద గుండీని బట్టకి అంటించినట్టు కుడితే కాజాలో పట్టదు. గుండీ కాస్త పైకి నిలబడాలి. దాని కింద దారం చుట్టి, పువ్వుకి కాడలాగా కట్టాలి. ఈ కాడలు ఒకదాన్ని చూసి ఒకటి కట్టినట్టున్నాయి. సూదిని కాడ మధ్యలోంచి రెండుసార్లు దింపి, కొసని రెండు పొరల మధ్యకి లాగేశారు. ముడి ఎక్కడుందో భూతద్దానికి కూడా దొరకలేదు.

పొడుగమ్మాయిని పిలిచి అందరి ముందూ మెచ్చుకున్నాను. ఆ పిల్ల కాజాల ఆమె వైపు చూసింది. కాజాల ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

ఒక్క చిన్న విషయం. కాడకి చుట్టిన దారం ఎడమకు తిరిగి ఉంది. గట్టిగానే ఉంది కాబట్టి ఫర్వాలేదు.

అక్టోబరు 10, శుక్రవారం

గుండీల గురించి ఇవాళ రాయడానికేమీ లేదు.

పనిలోనూ, మధ్యాహ్నం అన్నాలప్పుడూ అందరి చేతులూ గమనించాను. ఎవరూ ఎడమచేతి వాటం వాళ్లు కారు. కటింగ్ మాస్టర్ కూడా కాదు. ఆయన నేను చూడటం చూసి, "ఏంటి టీచరమ్మగారూ, నా ముద్ద పెద్దదయిందా?" అన్నాడు.

అక్టోబరు 13, సోమవారం

కంపెనీ నుంచి ఫోన్. చలికాలం ఆర్డర్ ఇచ్చేముందు ఒక ఆడిటర్ వచ్చి షెడ్డు చూస్తుందట. వచ్చే వారం గురువారం. రానివ్వండి. మనం రాసింది ఒకటి, జరుగుతున్నది ఒకటి అయితే కదా భయం.

కోడలు మాత్రం ఆ కబురు విన్నప్పటినుంచి రెండుసార్లు టీ పొంగబెట్టింది.

దారం ఎడమకు చుట్టడం గురించి ఆలోచిస్తే అమ్మ నేర్పిన పద్ధతి గుర్తొచ్చింది. పద్ధతి కోసమే రాస్తున్నాను, ఇంకేమీ కాదు. అమ్మ మా ఇద్దరికీ ఒకేసారి కుట్టు నేర్పింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. చెల్లెలిది ఎడమచేతి వాటం. పక్కన కూర్చుంటే దానికి అంతా తారుమారయ్యేది. అమ్మ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, "అద్దంలో చూసినట్టు చూడు" అంది. అది అలాగే నేర్చుకుంది. నాది కుడికి, దానిది ఎడమకు. ముడి దాచడం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

చెల్లెలు రెండు వీధుల అవతల, బేకరీ పైన గదిలో ఉంటుంది. మేము మాట్లాడుకోం. ఎన్నేళ్లయిందో నేను లెక్కపెట్టలేదు.

కారణం రాయాలంటే పెద్దదేమీ కాదు. మనవరాలికి మొదటి ఏడు నిండినప్పుడు ఇద్దరం కలిసి ఒక చిన్న కోటు కుట్టాం. కోటు అది కుట్టింది, కాలర్ నేను పెట్టాను. వచ్చినవాళ్లందరూ కోటుని చేతులు మార్చుకుంటూ, "మీ చెల్లెలి చెయ్యి ఎంత మంచిదండీ" అంటే అది నవ్వుతూ నిలబడింది తప్ప, కాలర్ అక్కది అని ఒక్క మాట అనలేదు. ఒక్క మాట. మెడ చుట్టూ ఎక్కడా ముడత లేకుండా గుండ్రటి కాలర్ పెట్టడం అంటే ఏమిటో పెట్టినవాళ్లకే తెలుస్తుంది.

అది పాత సంగతి. నేనెప్పుడో మర్చిపోయాను.

మనవరాలికి పోయిన నెల ఇరవై నిండాయి.

అక్టోబరు 14, మంగళవారం

పొడుగమ్మాయిని నా బల్ల దగ్గరికి పిలిచాను. ఒక బట్ట ముక్క, గుండీ, సూది, దారం ముందు పెట్టాను.

"ఒక్క గుండీ పెట్టి చూపించమ్మా."

"ఇప్పుడా టీచరమ్మా?"

"ముహూర్తం చూడాలా?"

పెట్టింది. మొహానికి చెమటలు పట్టాయి. కాడని కుడికి చుట్టింది. అదీ వదులుగా. పక్కన నిన్నటి కోటు పెట్టి, "ఇదీ నీ పనేనా?" అన్నాను.

"మీరలా చూస్తుంటే చెయ్యి తిరగట్లేదండీ."

"తిరిగింది. అటు తిరగాల్సింది ఇటు తిరిగింది."

కటింగ్ బల్ల దగ్గర్నుంచి మాస్టర్ కల్పించుకున్నాడు. "పోనిద్దురూ టీచరమ్మగారూ. గుండీ ఊడకుండా ఉంటే సరిపోదా?"

"మీరు మీ కత్తెర సంగతి చూసుకోండి మాస్టరూ."

మామూలుగా అయితే ఆయన ఇంకో మాట అనేవాడు. ఇవాళ తలవంచుకుని బట్ట మీద సుద్దగీత గీయడం మొదలుపెట్టాడు. చూస్తే అది అప్పటికే గీసిన గీత. అంటే ఈయనకీ తెలుసు.

కోడలు లోపల్నుంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఆ పిల్లనేమీ అనకండి అత్తయ్యా. దాని మణికట్టు వాచిపోయింది. సూది పట్టలేకపోతోంది. గుండీలు చిన్నత్తయ్య పెడుతున్నారు."

"ఏ చిన్నత్తయ్య?"

"మీకెంతమంది చెల్లెళ్లున్నారు?"

నాకు ఉన్నది ఒక్కతే.

కోడలు ఆగలేదు. రోజూ సాయంత్రం సంచీలో కోట్లు తీసుకెళ్లి ఇచ్చి, పూర్తయినవి తెస్తోందట. పొడుగమ్మాయి వాటి మీద తన ఎరుపు టాకా వేస్తోందట. నా కొడుక్కీ తెలుసు, మనవరాలికీ తెలుసు. షెడ్డులో ప్రతి ఒక్కరికీ తెలుసు. తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి తప్ప.

"నా చేత కంపెనీకి అబద్ధం రాయించావు" అన్నాను.

"కంపెనీకి చెప్పడానికి నాకు భయం లేదు అత్తయ్యా. ఇంట్లో కూర్చుని చేసేవాళ్ల పని కూడా ముందే చెబితే ఫర్వాలేదని వాళ్ల కాగితంలోనే ఉంది. రెండో పేజీలో."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఆ కాగితం నింపింది మీరు కదా" అంది. "కంపెనీకి చెప్పాలంటే ముందు మీకు చెప్పాలి."

రెండో పేజీ తీసి చూశాను. ఉంది. ఇంటి పని చేయించుకోవచ్చు. కానీ ముందే చెప్పాలి, ఆ మనిషి తన ఇష్టంతో సంతకం చెయ్యాలి, ఆ చోటు ఆడిటర్‌కి చూపించాలి. చెప్పకుండా దాచినట్టు తేలితే కంపెనీ జాబితాలోంచి తీసేస్తారు. మాకున్నది ఈ ఒక్క కంపెనీయే. చలికాలం ఆర్డర్ పోతే షెడ్డుకి తాళం వెయ్యాల్సిందే.

అక్టోబరు 15, బుధవారం

కోపంగా ఉంది. ఎవరి మీదో ఇంకా తేలలేదు.

అక్టోబరు 16, గురువారం

కొడుకు ఒక ఉపాయం చెప్పాడు. ఆడిటర్ వచ్చిన రోజు పొడుగమ్మాయి చేతికి నిన్న కట్టుకున్న కట్టు విప్పి, గుండీలు పెడుతున్నట్టు కూర్చోబెడితే చాలట. ఆవిడ గంటసేపు ఉండి వెళ్లిపోతుందట.

"నువ్వు బడిలో చదివింది నా క్లాసులోనేనా?" అని అడిగాను.

"అందుకేగా అమ్మా, ఉపాయం నీకు చెప్పి చేద్దామనుకున్నాను. మిగతావాళ్లు చెప్పకుండా చేసేవాళ్లు."

వాడితో వాదించలేం. చిన్నప్పటినుంచీ అంతే.

నేనొప్పుకోలేదు. తప్పు రాసినప్పుడు ఆ తప్పు మీద ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. పిల్లలకి జీవితమంతా అదే చెప్పాను. సాయంత్రం కంపెనీకి కొత్త కాగితం తయారుచేశాను. 'గుండీల పని షెడ్డు బయట, ఒక ఇంట్లో జరుగుతోంది. మా మొదటి కాగితంలో ఈ విషయం లేదు.' ఇంకేమీ కలపలేదు. ఇక ఆ ఇంటి మనిషి సంతకం కావాలి.

ఆ ఇంటి మనిషి అని రాశాను. అలా రాయడమే పద్ధతి.

అక్టోబరు 17, శుక్రవారం

కోడలు కాగితం తీసుకెళ్లి, అలాగే వెనక్కి తెచ్చింది. కుర్చీలో కూలబడి నీళ్లు తాగి, అప్పుడు చెప్పింది.

"సంతకం పెట్టనన్నారు."

"ఎందుకట?"

"చెబితే కోప్పడతారు."

"చెప్పకపోతే ఇంకా కోప్పడతాను."

"'ఇన్నాళ్లూ దొంగచాటుగా పెట్టించుకున్నారు, ఇప్పుడు అందరికీ తెలిసేలా నా పేరు కావాలంటే మీ అత్తగారినే వచ్చి అడగమను' అన్నారు."

"నేను అడగను."

"అలా అంటారని కూడా చెప్పారు" అంది కోడలు.

అక్టోబరు 18, శనివారం

వెళ్లను.

షెడ్డులో ఎవరూ ఏమీ అనలేదు. అదే బాగోలేదు. పొడుగమ్మాయి వచ్చి, తన వల్లే ఇదంతా అయిందని, తనని పనిలోంచి తీసేసినా ఫర్వాలేదని అంది. మణికట్టు వాచడం ఎవరి తప్పూ కాదని చెప్పి, నొప్పి తగ్గేదాకా ట్యాగుల బల్ల దగ్గర కూర్చోమన్నాను. దాని ఎరుపు టాకాలు అబద్ధం చెప్పాయన్న సంగతి కూడా చెప్పాను. రెండూ చెప్పాలి కదా. రెండు మాటలకీ ఏడ్చింది.

మాస్టర్ వెళ్తూ వెళ్తూ బల్ల దగ్గర ఆగాడు. "టీచరమ్మగారూ, ఒక మాట అడగనా? ట్యాగులో గొర్రెల దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ దొరుకుతాయి కదా. రెండు వీధుల అవతల ఉన్న మనిషి మాత్రం దొరకరా?"

"ఆలస్యమవుతోంది, ఇంటికెళ్లండి" అన్నాను.

అక్టోబరు 19, ఆదివారం

రెండో పేజీ మళ్లీ చదివాను. ఆడిటర్ రాకముందే, పని జరిగే ఇంట్లో వెలుతురు, గాలి, కూర్చునే వీలు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేసేవాళ్లు ఒకసారి వెళ్లి చూడాలని అందులో ఉంది. ఈ షెడ్డులో తనిఖీ నా బాధ్యత.

కాబట్టి రేపు తనిఖీకి వెళ్తున్నాను. అడగడానికి కాదు.

అక్టోబరు 20, సోమవారం

వెళ్లొచ్చాను. వరసగా రాస్తాను.

మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. కింద బేకరీ నుంచి వేడి రొట్టె వాసన. తలుపు తెరిచే ఉంది. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో మా కోటు. జుట్టంతా తెల్లబడింది. నేను దాన్ని దారిలో చూస్తూనే ఉంటాను, కానీ దారిలో జుట్టు వైపు చూడను.

అది సూది ఆపలేదు. "తనిఖీకి వచ్చావా, నన్ను చూడ్డానికి వచ్చావా?"

"తనిఖీకే."

"అయితే కూర్చోమనను. తనిఖీవాళ్లు నిలబడే చూసుకుంటారు."

నిలబడే చూసుకున్నాను. గదికి రెండు కిటికీలు. గాలి బాగుంది. కత్తెరకి తొడుగు ఉంది, సూదులకి దిండు ఉంది. వెలుతురు కుడివైపు నుంచి పడుతోంది. ఎడమచేతి వాటం వాళ్లకి అదే సరైనది, చేతి నీడ పని మీద పడదు. కుర్చీకి వీపు ఆనించుకునేందుకు మాత్రం ఏమీ లేదు. ఆ మాట పైకి అన్నాను.

"నా వీపు సంగతి కూడా కంపెనీకి కావాలా?"

"కావాలి. రెండో పేజీలో ఉంది."

"కంపెనీకి కావాలి కానీ నీకు అక్కర్లేదు. అంతేగా?"

ఆ ప్రశ్న తనిఖీకి సంబంధించినది కాదు. అందుకని గోడల తనిఖీ మొదలుపెట్టాను. గోడకి, అల్మరా పక్కన, హ్యాంగర్ మీద ఒక చిన్న కోటు వేలాడుతోంది. అది కూడా సంబంధం లేనిదే. చూడలేదు.

"చూశావుగా దాన్ని" అంది చెల్లెలు.

"దేన్ని?"

"ఇంకా ఆ కాలరేనా అక్కా!"

నాకు ఒళ్లు మండింది. "ఆ కాలరే. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"అందామనే నోరు తెరిచాను. ఈలోపు నువ్వే అందరి ముందూ కోటు తిరగేసి, పక్క కుట్టు వంకర పోయిందన్నావు. తెరిచిన నోరు మూసుకున్నాను."

"పోయింది కాబట్టి అన్నాను."

"ఎంత పోయింది?"

"ఒక నూలుపోగంత."

"నూలుపోగంత!" అది సూది దిండుకి గుచ్చి, నవ్వడం మొదలుపెట్టింది. కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. అమ్మ కూడా ఇలాగే, శబ్దం లేకుండా భుజాలు కదిలేలా నవ్వేది. నేను నవ్వలేదు. కాసేపు గోడవైపు తిరిగి నిలబడాల్సి వచ్చింది, అంతే.

తర్వాత కాగితం బల్ల మీద పెట్టాను. "నువ్వు సంతకం పెట్టకపోతే ఆర్డర్ పోతుంది. షెడ్డు మూసెయ్యాలి. ఆ పొడుగమ్మాయికీ మిగతావాళ్లకీ వేరే పని లేదు" అన్నాను.

"అది నాకూ తెలుసు. నువ్వింకా అడగలేదు."

కింద బేకరీలో ఎవరో ట్రేలు సర్దుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా చూశాను.

"పెడతావా?" అన్నాను.

"పెడతాను" అంది వెంటనే. అంత తేలిగ్గా అంటుందని తెలిస్తే కాసేపు కూడా ఆగేదాన్ని కాదు. "కానీ షెడ్డులో అందరికీ తలో రంగు ఇచ్చావట. నాదేది? నా పని మీద ఇంకొకరి ఎరుపు ఎందుకుండాలి?"

న్యాయమైన మాటే. కానీ మా డబ్బాలో రంగులన్నీ అయిపోయాయి. తెలుపు ఒక్కటే ఉంది.

"లోపలి తెల్ల అస్తరు మీద తెలుపు ఎవరికి కనపడుతుంది?" అంది.

ఆలోచించాను. తనిఖీ చేసిన మనిషి రంగు కనపడకపోయినా వచ్చే నష్టం లేదు. సంచీలోంచి నా నీలం ఉండ తీసి బల్ల మీద పెట్టాను. తెలుపు నేను తీసుకున్నాను.

అది ఆ ఉండని చేతిలో తిప్పి తిప్పి చూసింది. సంతకం పెట్టింది. తర్వాత పక్కనున్న స్టూలు మీది కోట్లు కిందికి దించి, స్టూలుని కాలితో నా వైపు నెట్టింది. సరిగ్గా తన ఎదురుగా.

"తనిఖీ అయిపోయిందిగా. కూర్చో. ఇంకా చాలా గుండీలున్నాయి."

కూర్చున్నాను. అలా కూర్చుంటే వెలుతురు నాకు ఎడమవైపు నుంచి పడింది. నాకూ అదే సరైనది.

అక్టోబరు 21, మంగళవారం

కాగితం పంపాం. వీపుకి ఆనించుకునే దిండు ఒకటి కుట్టి తీసుకెళ్లి ఇచ్చాను. నియమం ప్రకారమే.

అక్టోబరు 22, బుధవారం

నియమంలో లేదు కానీ ఇవాళ కూడా వెళ్లాను. టీలో చక్కెర ఎక్కువైందన్నాను. రేపట్నుంచి నువ్వే పెట్టు అంది.

అక్టోబరు 23, గురువారం

ఆడిటర్ చిన్న వయసు అమ్మాయి. నెమ్మదిగా మాట్లాడుతుంది, కానీ ప్రశ్న వదిలిపెట్టదు. ఇలాంటి పిల్లలు నా క్లాసులో ఏడాదికి ఒక్కరు ఉండేవాళ్లు. షెడ్డంతా చూసింది. నాలుగు కోట్లు తన చేత్తో ఏరి, మడతలు తిప్పి, రంగులు చూసి మనుషుల్ని వెతికింది. పసుపు అనగానే చేతులు కుట్టే ఆమె బడిలో హాజరు పలికినట్టు లేచి నిలబడింది. నీలం దగ్గర ఆగి, "ఈవిడేరి?" అంది.

"రెండు వీధుల అవతల ఉంది. రండి, తీసుకెళ్తాను" అన్నాను.

చెల్లెలి గదిలో నేను, కోడలు, ఆడిటర్. ఆమె వెలుతురు చూసింది, కుర్చీ చూసింది, దిండు నొక్కి చూసింది. అంతా బాగుందంది. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అడిగింది.

"మొదటి కాగితంలో ఈ ఇల్లు ఎందుకు లేదు?"

నేను భయపడింది ఈ ప్రశ్నకే. ఆర్డర్ మొత్తం ఆ ఒక్క జవాబు మీద ఉంది. కోడలు, "అంటే మేడమ్, ఆ రోజు హడావిడిలో మర్చిపోయి..." అని మొదలుపెట్టింది.

"మర్చిపోలేదండీ" అన్నాను. "ఆ కాగితం రాసింది నేను. ఈ ఇంట్లో పని జరుగుతోందని నాకు ఎవరూ చెప్పలేదు. చెబితే ఒప్పుకోనని భయపడ్డారు. ఈవిడ నా చెల్లెలు. అప్పటికి మేము మాట్లాడుకోవడం లేదు. తెలిసిన తర్వాత సరిచేసి పంపాను."

కోడలు కళ్లు మూసుకుంది. చెల్లెలు సూది ఆపింది.

ఆడిటర్ పెన్ను తీసింది. "కారణం అన్నచోట ఏమని రాయమంటారు?"

"ఇంటి కారణం అని రాయండి."

"ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా?"

"అక్క మాట్లాడుతోంది, నేను పడుతున్నాను" అంది చెల్లెలు.

ఆడిటర్ నవ్వు ఆపుకోలేకపోయింది. 'ఇంటి కారణం. స్వయంగా తెలిపి సరిచేశారు' అని రాసి, కింద సంతకం పెట్టింది. మా పేరు జాబితాలో ఉంటుందట. చలికాలం ఆర్డర్ సోమవారం పంపిస్తారట. కోడలు అక్కడే, మెట్ల మీదే షెడ్డుకి ఫోన్ చేసింది. ఆ అరుపులు నాకు ఫోన్‌లోంచే వినపడ్డాయి. అందరికంటే పెద్ద గొంతు మాస్టర్‌ది.

ఆడిటర్ సంచీ సర్దుకుని లేవబోతూ గోడకున్న చిన్న కోటు చూసింది. దగ్గరికి వెళ్లి చేత్తో పట్టుకుంది. "ఎంత బాగుందండీ! ఇది కూడా మీ పనేనా?" అని చెల్లెల్ని అడిగింది.

నేను కిటికీలోంచి బేకరీ బండి వైపు చూస్తున్నాను.

"కోటు నాది" అంది చెల్లెలు. "కాలర్ మా అక్కది. అలాంటి కాలర్ పెట్టడం నాకు రాదు. అదిగో, ఆ పక్క కుట్టు కొంచెం వంకర పోయింది చూడండి. అది కూడా నాదే."

ఆడిటర్ తలూపింది కానీ రాసుకోలేదు. ఆమె ఫారంలో దానికి గడి లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

కోటు కుట్టినది: చెల్లెలు. కాలర్ పెట్టినది: నేను.

అందరూ వెళ్లాక కోటుని కిందికి దించి, కిటికీ దగ్గర పెట్టుకుని, పక్క కుట్టుని పైనుంచి కిందిదాకా భూతద్దంతో చూశాను. వంకర ఎక్కడా కనపడలేదు.

కళ్లద్దాలు మార్పించుకోవాలి.